పెళ్లి సీడీ ఎక్కడ పెట్టారు?

చుట్టాలొచ్చినప్పుడు ఎవరో ఒకరు అడుగుతారు. టీవీ కింద అర అంతా గాలిస్తే కవరు దొరుకుతుంది, లోపల మాత్రం వేరే సినిమా! పాత డిస్కులు దాచుకున్న చాలా ఇళ్లలో ఇదే తంతు.

ఓ ఆదివారం కేటాయిస్తే సరి. డిస్కులన్నీ చాపమీద పరిచి రెండు కుప్పలు చేయాలి. కొన్నవి ఒకవైపు, ఫంక్షన్లకు తీయించినవి మరోవైపు. వీసీడీలో పట్టేది 74 నుంచి 80 నిమిషాలే. అందుకే 1957 నాటి 'మాయాబజార్' లాంటి మూడు గంటల సినిమాకి మూడు డిస్కులు కావాలి. వాటికి ఒకే నంబరిచ్చి పక్కన 1, 2, 3 వేయాలి. నోటుపుస్తకంలో పేరు, సంవత్సరం, అర నంబరు రాసుకోవాలి. ఎవరైనా పట్టుకెళితే వాళ్ల పేరు కూడా.

అసలు ఆస్తి రెండో కుప్పే. సినిమా పోతే మళ్లీ దొరుకుతుంది, తాతయ్య షష్టిపూర్తి దొరకదు. ఇలా రాయించిన డిస్కుల్లోని రంగుపూత ఎండకీ వేడికీ పాడవుతుంది. ముందుగా వీటినే కంప్యూటర్లోకీ, మరో హార్డ్‌డిస్కులోకీ ఎక్కించుకోవాలి. మెత్తని గుడ్డతో మధ్యనుంచి అంచుకి తుడవాలి, గుండ్రంగా కాదు. సీడీలమీద బాల్‌పెన్నుతో రాయకూడదు. సమాచారముండే పొర పైవైపే, పల్చటి పూత కిందే ఉంటుంది.

చివరగా, ఏ వీడియోలో ఎవరెవరున్నారో కూడా రాసిపెట్టుకోవాలి... ఆ పేర్లు చెప్పగల అమ్మమ్మ పక్కనుండగానే!