పదమూడేడులు ఎంత?

ఎదురుగా ముగ్గురు కూర్చుని ఉంటారు. నవ్వరు, తలాడించరు. పక్కన కెమెరా నడుస్తుంటుంది. ఈ ఉద్యోగానికి మీరే తగినవారని ఐదు నిమిషాల్లో వాళ్లను ఒప్పించాలి. ముందుగా కాగితం మీద రాసుకోనిస్తారు గానీ, తీరా నిలబడ్డాక దాన్ని చూడనివ్వరు. అదయ్యాక 1,022 నుంచి పదమూడేసి తగ్గిస్తూ పైకి చెప్పమంటారు: 1,009, 996, 983... ఒక్కటి తప్పితే మళ్లీ మొదటికి.

ఇంతా చేసి అక్కడ ఉద్యోగం లేదు. జర్మనీలోని ట్రియర్ విశ్వవిద్యాలయంలో కిర్ష్‌బామ్, పిర్కె, హెల్‌హామర్ 1993లో ప్రకటించిన పరీక్ష ఇది. మనిషిని ప్రయోగశాలలో ఒత్తిడికి గురిచేయడానికి వాళ్లు ఎంచుకున్న సాధనం ఉత్తుత్తి ఇంటర్వ్యూ. (మన నిరుద్యోగుల్లో ఎవరిని అడిగినా ఆ సలహాయే ఇచ్చేవారు.) లాలాజలం పరీక్షిస్తే కార్టిసాల్ హార్మోను రెండు నుంచి నాలుగు రెట్లయింది.

మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథుల్లో తయారై, రక్తంతోపాటు ఇది మెదడుకు చేరుతుంది. జ్ఞాపకాల వ్యవహారం చూసే హిప్పోక్యాంపస్‌లో దాన్ని అందుకునే గ్రాహకాలు దండిగా ఉన్నాయి. చిత్రమేమిటంటే, అప్పుడు జరుగుతున్నదాన్ని అది గట్టిగా ముద్ర వేయిస్తుంది. పాతదాన్ని పైకి తీయబోతే మాత్రం అడ్డుపడుతుంది. అందుకే మన ప్రాజెక్టు వివరం నోటికి రాదు, అడిగినాయన కళ్లజోడు మాత్రం పదేళ్లయినా గుర్తుంటుంది. తీరా బస్సెక్కాక జవాబు తన్నుకొస్తుంది. అంటే మరిచిపోలేదన్నమాట, ఆ వేళకు అందలేదంతే.

అమీర్‌పేట హాస్టల్లో ఉండే మా పిన్ని కొడుకు దగ్గర ఇంటర్వ్యూ ప్రశ్నల జిరాక్సు కట్ట ఉంది. పేజీలన్నీ పసుపు గీతలే. పదిసార్లు చదివానన్నాడు. కట్ట మూయించి, "నీ ప్రాజెక్టులో ఆ డేటాబేసే ఎందుకు వాడావురా?" అన్నాను. రెండు వాక్యాలకే ఆగిపోయాడు. కళ్లకు అలవాటైన పేజీ నోటికి వచ్చినట్టే అనిపిస్తుంది మరి.

రోడిగర్, కార్పికె అనే పరిశోధకులు 2006లో విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చారు. కొందరు నాలుగు విడతలూ చదివారు. కొందరు ఒక విడత చదివి, మూడు విడతలు చూడకుండా గుర్తు చేసుకుని రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత వాళ్లకు గుర్తున్నది 40 శాతం. రెండో జట్టుకు 61. మన ఇళ్లల్లో పెద్దవాళ్లు "ఏదీ, అప్పజెప్పు" అనేవారే, అదే ఇది.

మరి ఒత్తిడిలో? 2016లో అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు అదీ చూశారు. ఒత్తిడి పెట్టాక, మళ్లీ మళ్లీ చదివినవాళ్ల జ్ఞాపకం తగ్గింది. గుర్తు చేసుకుంటూ సాధన చేసినవాళ్లది దాదాపు చెక్కుచెదరలేదు. వాళ్లకిచ్చినవి మాటలూ బొమ్మలే, ఇంటర్వ్యూ జవాబులు కావు. అయినా నాకది చాలా పనికొచ్చే సంగతే.

అలాగని జవాబును అక్షరం పొల్లు పోకుండా బట్టీ పడితే మరో చిక్కు. పదమూడేడులు ఎంతంటే పదమూడొకట్ల నుంచి ఎత్తుకునే పిల్లాడిలా, మొదటి మాట జారితే మొత్తం పోతుంది. అందుకని మావాణ్ని రోజు విడిచి రోజు, ఒక్కోసారి ఒక్కో మూల నుంచి అడిగాను. తట్టకపోతే కాసేపు తంటాలు పడనిచ్చి, ఆ తర్వాతే కాగితం చూడమన్నాను.

మూడోసారి ఫోన్ చేసేసరికి కూకట్‌పల్లి బస్సులో నిలబడి ఉన్నాడు. "ఇప్పుడా అన్నయ్యా?" అంటూనే డేటాబేసు కథ ఎత్తుకున్నాడు. మధ్యలో కండక్టరుకు చిల్లరిచ్చి, వదిలినచోటే మళ్లీ అందుకున్నాడు.