కోట కాచిన వీరుడు: సయ్యద్ నయీముద్దీన్ గారు

ఫుట్‌బాల్ ఆటలో గోలు వేసినవాని పేరు మరునాటి పత్రికలన్నింటను వెలయును. గోలు పడకుండ అడ్డుపడినవాని పేరు ఎచ్చటనో చిన్న అక్షరములలో నుండును, లేదా ఉండకయే పోవును. ఇల్లాలి శ్రమయు నట్టిదే గదా! దినమును పొయ్యి రాజుచున్నంతకాలము ఎవరును గమనింపరు. ఒక్కనాడు రాజనిచో ఇంటిల్లిపాదికిని తెలియవచ్చును. అట్టి పని చేపట్టి, పలు నగరములు తిరిగి, తుదకు దేశపు జట్టునకే నాయకులైన హైదరాబాదు వాస్తవ్యులొకరి చరిత్రము సోదరీమణులకు తెలుపదలచితిని.

మా పద్మారావు నగరము సికింద్రాబాదు దండును ఆనుకొని పెరిగిన పేట. తెల్లసైనికులతో ఈ దండులోనికి ఫుట్‌బాల్ వచ్చినది; మన పిల్లలు దానిని చూచి నేర్చి వారినే మించిరి. ఇచ్చటి అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం గారు 1962లో జకార్తాయందు ఆసియా క్రీడల స్వర్ణపతకము గెలిచిన జట్టులోనివారు. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం గారు హైదరాబాదున బడిపంతులుగా పనిచేసినవారని తెలిసినప్పుడు, ఉపాధ్యాయుని ఇల్లాలనైన నాకు గర్వము గలిగినది. వారి శిక్షణలో హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదు మారులు బొంబాయి రోవర్స్ కప్పును గెలిచినది.

ఆ పోలీసు జట్టునుండి పైకివచ్చినవారే సయ్యద్ నయీముద్దీన్ గారు. వీరు 1944లో హైదరాబాదున జన్మించిరి. వీరి స్థానము రక్షకస్థానము. దాని మర్మము కొంత తెలిసికొనవలెను. రక్షకుడు బంతి వెంట పరుగెత్తువాడు కాడు. అది రాబోవు చోటునకు ముందుగా చేరువాడు. ఎదిరివాని కాలికదలికను కనిపెట్టి, తప్పు తగులకుండ బంతినిమాత్రమే లాగుకొనవలెను. ఆఫ్‌సైడ్ అను నిబంధన ఒకటి గలదు: బంతిని అందించు క్షణమున ఎదిరివాడు మన సగములో బంతికంటె ముందుండి, వానికిని గోలుగీతకును నడుమ మనవారు ఇద్దరైనను లేనిచో, వాని దాడి చెల్లదు. కావున రక్షకులందరు ఒక్కమనసుతో ఒక్క అడుగు ముందుకు వేసినచో శత్రువు వలలో బడును. ఒక్కడు ఏమరినచో జట్టంతయు చెడును. భారతమున సైంధవుడు ఒక్కదినము వ్యూహద్వారము గాచి నలుగురు పాండవులను నిలిపెను. అది వరబలము. వీరికి వరమేదియు లేదు; ఉన్నవి రెండు కాళ్లును, చలింపని బుద్ధియు మాత్రమే.

ఆ దినములలో మన దేశమున ఫుట్‌బాల్ పేరునకు ఔత్సాహికుల ఆటయే. అయినను ఆటగానికి జీవనము గావలెను గదా. ఒకరికి పోలీసుశాఖలో ఉద్యోగము, మరియొకరికి రైల్వేలో. పెద్ద ప్రతిఫలము కోరువారికి కలకత్తా. అందుచే హైదరాబాదు బిడ్డలనేకులు బంగాళమునకు తరలిరి. నయీముద్దీన్ గారు 1960 దశకమున అటు వెడలి ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మదన్ స్పోర్టింగ్ మూడింటను ఆడిరి. ఈ మూడు సంఘములకు నడుమ గల స్పర్ధ సామాన్యమైనది కాదు. నిన్న తమవాడని జేజేలు పలికినవారే నేడు ఎదుటిపక్షమున జూచి కేకలు వేయుదురు. తెలియని భాష, పరాయి అన్నము, ఏటేట మారు అంగీ రంగు. వీనినన్నింటిని దాటి నిలుచుటకు కాలిబలము చాలదు.

1970లో బాంకాక్ ఆసియా క్రీడలలో భారతజట్టునకు వీరు నాయకులు. ఆ జట్టులో మన హైదరాబాదీ మహమ్మద్ హబీబ్ గారును గలరు. మూడవ స్థానమునకు జరిగిన ఆటలో జపానును 1–0 తేడాతో గెలిచి కాంస్యపతకము దెచ్చిరి. ఒక్క గోలుతో గెలుచుట యనగా, ఆ ఒక్కదానిని తుదివరకు కాచుకొనుటయే. ఆ పుణ్యము రక్షకులది. ఆ యేడే వీరికి అర్జున పురస్కారము లభించెను.

ఆట మానినపిమ్మట వీరు శిక్షకులైరి. 1990లో వీరి యాజమాన్యమున ఈస్ట్ బెంగాల్ ఐ.ఎఫ్.ఎ. షీల్డ్, డ్యూరాండ్, రోవర్స్ కప్పులు మూడును ఒకే యేట గెలిచెను. ఆ సంవత్సరపు ద్రోణాచార్య పురస్కారము వీరిని వరించెను. భారతజట్టునకు పలుమారులు శిక్షకులై, 2005లో కరాచీయందు దక్షిణాసియా పోటీలలో విజయము గూర్చిరి. ఢాకాకు వెడలి బంగ్లాదేశ జట్టునకును శిక్షణ నిచ్చిరి. ఆహారవిహారములందు క్రమము తప్పనీయని కఠినగురువని వీరికి పేరు. గారాబము చేయు గురువు పిల్లలకు ఇష్టుడు కావచ్చును. ఫలము నిచ్చువాడు మరియొకడు.

ఇచ్చట మనము ఆలోచింపదగిన దొకటి గలదు. 1970 పిమ్మట నేటివరకు మన పురుషుల ఫుట్‌బాల్ జట్టు ఆసియా క్రీడలలో పతకము దేలేదు. ఒకప్పుడు దేశమునకు ఆటగాండ్ర నిచ్చిన ఈ జంటనగరములందు ఖాళీస్థలములు మేడలైనవి. పిల్లలు సందులలో ఆడుకొనుచున్నారు. లోపము స్థలముదే కాదు. బురదకాళ్లతో ఇల్లు చేరిన కుమారుని చూచి “ఆట అన్నము పెట్టునా?” అని గద్దించునది మనమే. కుమార్తెనైతే ఆటకే పంపము. ప్రతి బిడ్డయు నయీముద్దీన్ కాజాలడు, నిజమే. కాని తనవంతు చోటు విడువకుండ నిలుచుట, పొగడ్త రాకున్నను పని చేయుట, ఓడినవేళ తోడివానిని నిందింపకుండుట, ఇవి ఏ పుస్తకముకంటెను మైదానమే బాగుగా నేర్పును. సాయంకాలమున ఒక గంట బిడ్డలను ఆటకు విడుచుట తల్లులకు కష్టమైన త్యాగము కాదు. కాళ్లు కడుగుకొనుటకు చెంబెడు నీళ్లు వాకిట నుంచిన చాలును.