గల్ఫ్‌లో ఉండి ఇక్కడ షేర్లు కొనాలంటే: బ్రోకర్‌ను ఎంచుకునే ముందు

మొహర్రం నెలలో నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండుగకు కువైట్ నుంచీ, సౌదీ నుంచీ మనవాళ్ళు చాలామంది వస్తారు. విదేశీ రొట్టె పట్టి వెళ్ళినవారు మొక్కు తీర్చుకోవడానికి మళ్ళీ అదే రొట్టె వదలాలి కదా. ఆ రోజుల్లో బారాషహీద్ దర్గా దగ్గర కలిసిన కుర్రవాళ్ళు ఒకప్పుడు నన్ను "చాచా, గూడూరు రోడ్డులో ప్లాట్లు ఎంత పలుకుతున్నాయి?" అని అడిగేవారు. ఇప్పుడు "షేర్లు కొనడానికి ఏ యాప్ మంచిది?" అంటున్నారు.

యాప్ పేరు చెప్పడం తేలికే. దానికంటే ముందు మీ బ్యాంకు ఖాతా సంగతి చూసుకోవాలి. ఉద్యోగానికి విదేశం వెళ్ళినవారు ఫెమా చట్టం ప్రకారం నాన్ రెసిడెంట్ అవుతారు. ఊళ్ళో ఉన్న మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓ ఖాతాగా మార్చుకోవాలి. పాత డీమ్యాట్ ఖాతా కూడా అలా వదిలేయకూడదు. నేను మస్కట్‌లో పనిచేసేటప్పుడు ఈ సంగతి పట్టించుకోలేదు. కేవైసీ మళ్ళీ అడిగినప్పుడు ఖాతా ఆగిపోయింది. కూతురి పెళ్ళికి అమ్ముదామనుకున్న షేర్లు అమ్మలేక చేబదుళ్ళు చేయాల్సి వచ్చింది. తప్పు నాదే.

ఇక డబ్బు ఏ దారిలో పెట్టాలన్నది. ఎన్ఆర్ఈ ఖాతా నుంచి షేర్లు కొంటే, అమ్మిన సొమ్ము పన్ను పోను మళ్ళీ విదేశానికి తీసుకెళ్ళవచ్చు. అందుకు బ్యాంకు ద్వారా పిఐఎస్ అనే అనుమతి తీసుకోవాలి. ఎన్ఆర్ఓ ద్వారా కొంటే ఆ అనుమతి అక్కర్లేదు, ఖర్చూ తక్కువ. ఆ ఖాతా నుంచి బయటికి పంపే సొమ్ముకు మాత్రం ఆర్థిక సంవత్సరానికి 10 లక్షల డాలర్ల పరిమితి ఉంది. మనలో ఎవరికి ఆ పరిమితి అడ్డొస్తుంది చెప్పండి! చివరికి ఊరికే వచ్చి ఇల్లు కట్టుకునే మనిషికి ఎన్ఆర్ఓ దారి చాలు. మ్యూచువల్ ఫండ్లకైతే పిఐఎస్ అసలే అక్కర్లేదు.

బ్రోకర్ విషయంలో కమీషన్ ఎంత అన్నదానికంటే ముందు సెబీ రిజిస్ట్రేషన్ చూడండి. ఐఎన్‌జడ్ అని మొదలయ్యే ఆ నంబరును సెబీ వెబ్‌సైట్‌లో మీరే సరిచూసుకోవచ్చు. నెలనెలా హలాల్ లాభం ఇస్తామన్న బెంగళూరు ఐఎంఏ సంస్థ 2019 జూన్‌లో కుప్పకూలినప్పుడు వేలాది ముస్లిం కుటుంబాల పొదుపు పోయింది. అక్కడ డబ్బు సంస్థ చేతిలో ఉండేది. డీమ్యాట్‌లో అలా కాదు. షేర్లు మీ పేరున ఎన్ఎస్‌డిఎల్ లోనో, సిడిఎస్ఎల్ లోనో ఉంటాయి. బ్రోకర్ మధ్యవర్తి మాత్రమే.

అయినా ధీమాగా కూర్చోకూడదని మన హైదరాబాద్ కార్వీ ఉదంతమే చెప్పింది. ఖాతాదారులు రాసిచ్చిన పవర్ ఆఫ్ అటార్నీని అడ్డుపెట్టుకుని వారి షేర్లను తాకట్టు పెట్టి ఆ సంస్థ అప్పులు తెచ్చుకుందని తేలడంతో 2019 నవంబర్ 22న సెబీ ఆంక్షలు విధించింది. తర్వాత 80 వేలకు పైగా ఖాతాదారులకు షేర్లు తిరిగి చేరాయి. 2023లో ఆ బ్రోకర్ రిజిస్ట్రేషనే రద్దయింది. అందుకే ఇప్పుడు పవర్ ఆఫ్ అటార్నీ స్థానంలో అధికారం బాగా తగ్గించిన డిడిపిఐ అనే పత్రం వచ్చింది. అదీ తప్పనిసరి కాదు. ఇవ్వకపోతే అమ్మిన ప్రతిసారీ ఫోన్‌కు వచ్చే ఓటీపీతో మీరే ఒప్పుకోవాలి. ఇక్కడే మన చిక్కు. ఇండియా సిమ్ రీచార్జ్ అయిపోయి మూలన పడి ఉంటే ఓటీపీ ఎలా వస్తుంది? కాబట్టి విదేశీ నంబరు నమోదు చేసుకుంటారా అని బ్రోకర్‌ను మొదటే అడగండి. ఎన్ఆర్ఐ ఖాతాకు కాగితాలు ఎవరి ధ్రువీకరణతో పంపాలో, పిఐఎస్ రుసుము ఎంతో కూడా అప్పుడే తెలుసుకోండి. "ఉచితం" అని ప్రకటించేది చాలాసార్లు ఇక్కడ ఉండేవాళ్ళకే.

ఎన్ఆర్ఐలు ఇంట్రాడే చేయడానికి వీల్లేదు, డెలివరీ తీసుకోవాల్సిందే. వడ్డీకి దూరంగా ఉండే మనకు ఇది మేలే. హలాల్ కంపెనీల వడపోతకు నిఫ్టీ 50 షరియా సూచీ ఒక ఆధారం. లాభం మీద పన్ను అమ్మినప్పుడే కోసేస్తారు. 2024 జూలై 23 నుంచి ఏడాది లోపు అమ్మితే 20 శాతం, ఆపైన ఉంచితే 12.5 శాతం. ఎక్కువ కోస్తే రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు.

జకాత్ ఇచ్చేవారికి ఒక మాట. మన లెక్క హిజ్రీ తేదీ మీద, బ్రోకర్ లెక్క మార్చి 31 మీద. మీరు కోరిన తేదీకి షేర్ల విలువ చూపే స్టేట్‌మెంట్ ఇస్తాడో లేదో చూసుకోండి. షేర్ల మీద జకాత్ ఏ పద్ధతిలో అన్నది మీ ఆలిమ్‌ను అడగాలి.

ఖాతా తెరిచిన రోజే నామినీ పేరు రాయండి. ఏ బ్రోకర్ దగ్గర ఖాతా ఉందో ఇంట్లో ఆడవాళ్ళకు చెప్పి, ఆ కాగితం పాస్‌బుక్కులతో పాటు బీరువాలో పెట్టించండి.