రేసుకు ముందు రేసు

టోలిచౌకిలో మేం ముగ్గురం ఒక గదిలో ఉంటాం. పైన ఫిల్మ్‌నగర్‌లో సినిమా రిలీజ్‌కి ముందు టాక్ నడిచినట్టే, మా గదిలో ప్రతి పెద్ద సైకిల్ రేసుకి ముందు టాక్ నడుస్తుంది. ఎవరు గెలుస్తారో ఎక్సెల్ షీట్‌లో రాసుకుంటాం. అందరికంటే ఎక్కువ తప్పినవాడు మిగతా ఇద్దరికీ మండీ తినిపించాలి. 2025 జూన్ 1న ఆ బిల్లు నేను కట్టాను. ఎందుకు కట్టానో చెప్తే, ఈ అంచనాలు ఎలా వెయ్యాలో కూడా చెప్పినట్టే.

ముందు ఆట సంగతి. గ్రాండ్ టూర్లు మూడు: మేలో ఇటలీలో జిరో, జూలైలో ఫ్రాన్స్‌లో టూర్, ఆగస్టు-సెప్టెంబర్లలో స్పెయిన్‌లో వుయెల్టా. ఒక్కోటి మూడు వారాలు, 21 స్టేజీలు. అన్ని రోజుల టైమూ కూడితే ఎవరిది తక్కువో వాడే విజేత. జట్టుకి 8 మంది. మామూలుగా అందులో ఒకరిద్దరు నాయకులు, మిగతావాళ్ళు వాళ్ళ కోసం చెమటోడ్చేవాళ్ళు.

అంచనాలో మొదటి అంకె ఫామ్. దాన్ని కిలో బరువుకి ఎన్ని వాట్లు అని కొలుస్తారు. కొండ పొడవు, ఎత్తు, ఎక్కిన టైమ్ తెలిస్తే ఈ లెక్క మనమే వేసుకోవచ్చు, ఇంటర్ ఫిజిక్స్ చాలు. అందుకే టూర్‌కి ముందు జూన్‌లో జరిగే డోఫినే లాంటి రేసుల్ని అందరూ కళ్ళల్లో ఒత్తులేసుకుని చూస్తారు. కానీ టీజర్ చూసి సినిమా చెప్పలేం కదా. 2022 డోఫినేలో రోగ్లిచ్ మొదటివాడు, అతని జట్టులోనే ఉన్న వింగెగార్ రెండోవాడు. పొగాచర్ అక్కడికి రానే లేదు, తన దేశం స్లొవేనియాలో వేరే రేసు గెలుచుకున్నాడు. జూలైలో టూర్ గెలిచింది మాత్రం వింగెగార్.

ఎలా గెలిచాడన్నదే అసలు పాఠం. 11వ స్టేజీలో గాలిబియే కొండ మీద రోగ్లిచ్, వింగెగార్ వంతులేసుకుని దాడి చేశారు. ఒకడు ముందుకి దూకగానే పొగాచర్ వెంటపడి పట్టుకునేవాడు. ఊపిరి తీసుకునేలోపు ఇంకొకడు దూకేవాడు. ఆ సాయంత్రం గ్రానన్ కొండ మీద పొగాచర్ చతికిలపడ్డాడు. ఆ ఒక్క కొండ మీదే వింగెగార్ కంటే 2 నిమిషాల 51 సెకన్లు వెనకబడ్డాడు. ఎంత బలవంతుడైనా ఒక్కడే ఇద్దరికి జవాబు చెప్పాలంటే కష్టం. అంటే షీట్‌లో మనిషి పక్కన జట్టుని కూడా రాయాలన్నమాట.

ఇది నాకు తెలుసు. అయినా 2025 జిరోలో బోల్తాపడ్డాను. నేను మర్చిపోయింది గాలిని.

షేక్‌పేట దాకా రోడ్డు ఫర్వాలేదు. అక్కడ ఫ్రెండ్ సైకిల్ వెనక నక్కి తొక్కితే హాయిగా ఉంటుంది. ఫిల్మ్‌నగర్ ఎత్తు మొదలైందా, ఆ హాయి మాయం. లెక్క చూడండి. చదును రోడ్డు మీద గంటకి 45 కిలోమీటర్ల వేగంతో పోతే గాలిని చీల్చడానికే దాదాపు 370 వాట్లు కావాలి. వెనక నక్కినవాడికి అందులో మూడో వంతు దాకా మిగులుతుంది. అదే 9 శాతం వాలున్న కొండని 18 కిలోమీటర్ల వేగంతో ఎక్కేటప్పుడు, మనిషీ సైకిలూ కలిపి 75 కిలోలనుకుంటే, బరువు మొయ్యడానికే 330 వాట్లు, గాలికి పాతిక. కొండ మీద ఎవడి కాళ్ళు వాడివే. చదునులో మాత్రం ముందు తొక్కేవాడు వెనకవాడికి ఉచితంగా సేవ చేస్తున్నట్టే.

ఆ జిరోలో 20వ స్టేజీ మొదలయ్యేసరికి డెల్ టోరో మొదటి స్థానంలో ఉన్నాడు. 43 సెకన్ల వెనక కరపాజ్, 1 నిమిషం 21 సెకన్ల వెనక సైమన్ యేట్స్. నా షీట్‌లో యేట్స్ పేరు మొదట్లోనే కొట్టేశాను. కారణం 2018. ఆ ఏడాది జిరోలో 13 రోజులు ముందుండి, ఫినెస్ట్రే కొండ వచ్చిన రోజున కుప్పకూలి 38 నిమిషాలకు పైగా పోగొట్టుకున్నాడు. ఈసారీ చివర్లో అదే కొండ. 'ఒకసారి తప్పినవాడు' అని కొట్టేశాను. అప్పటికి నేను ఎం-త్రీ సప్లీకి చదువుకుంటున్నానన్న సంగతి వేరే.

18 కిలోమీటర్ల పైన ఉండే ఆ కొండ మీద యేట్స్ కదిలాడు. డెల్ టోరో, కరపాజ్ ఒకరినొకరు చూసుకుంటూ ఉండిపోయారు. కొండ దిగాక లోయ ఉంది. నేను వెంటాడితే వెనకవాడు నా గాలిచాటున హాయిగా వచ్చి చివర్లో నన్నే కొడతాడని ఇద్దరికీ భయం. యేట్స్‌కి ఆ బెంగ లేదు. జట్టు సహచరుడు వాన్ ఆర్ట్ పొద్దున్నే ముందు గుంపులో వెళ్ళిపోయి, కొండ అవతల అతని కోసం ఆగాడు. లోయంతా గాలికి ఎదురు తొక్కింది వాన్ ఆర్టే. మర్నాడు రోమ్‌లో యేట్స్ 3 నిమిషాల 56 సెకన్ల తేడాతో జిరో గెలిచాడు.

వాట్ల లెక్కలు నాకు తప్పలేదు. నేను అడగని ప్రశ్న ఒకటుంది. ఇప్పుడు షీట్‌లో దానికి విడిగా కాలమ్ పెట్టాను: 'ఎవరు ఎవరి కోసం గాలికి ఎదురు తొక్కరు?' పోటీ ఇద్దరి మధ్యే అనిపించినప్పుడు ఆ కాలమ్ చూసి, మూడో పేరు కూడా ఒకసారి చదువుతాను.

'ఒకసారి తప్పినవాడు' అన్న కారణంతో మాత్రం ఇప్పుడు ఎవరి పేరూ కొట్టెయ్యడం లేదు.