ప్రతిఫలం – ప్రవర్తన

ఒక పని చేసినప్పుడు మంచి ఫలితం కలిగితే ఆ పనిని మళ్ళీ చేయాలనిపించడం సహజం. మనోవిజ్ఞాన శాస్త్రంలో దీనిని ‘పునర్బలనం’ అంటారు. ప్రతిఫలం ఎంత అన్నదే కాక, అది ఏ క్రమంలో లభిస్తుందన్నది కూడా ప్రవర్తనను తీర్చిదిద్దుతుంది. అమెరికా శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ చార్లెస్ ఫెర్‌స్టర్‌తో కలిసి పావురాల మీద విస్తృతంగా ప్రయోగాలు జరిపి, 1957లో ప్రచురించిన గ్రంథంలో ఈ క్రమాలను వివరించాడు. వాటిలో నాలుగు ముఖ్యమైనవి.

నిజామాబాదు జిల్లా భీమ్‌గల్ ప్రాంతంలో ఎందరో మహిళలకు బీడీలు చుట్టడం జీవనాధారం. తునికాకును కత్తిరించి, పొగాకు నింపి, చుట్టి, దారం కడతారు. కూలి గంటల లెక్కన గాక, వెయ్యి బీడీల లెక్కన లభిస్తుంది. ఇది ‘స్థిర నిష్పత్తి’ క్రమానికి ఉదాహరణ. ఎన్ని చుడితే అంత కూలి కనుక చేతులు విరామమెరుగవు. నడుము నొప్పినీ, పొగాకు ధూళినీ లెక్కచేయక పనిచేయడానికి పేదరికంతో పాటు ఈ క్రమమూ కారణమే. దానిని అత్యాశ అనుకోవడం అన్యాయం.

రెండవది ‘స్థిర కాలవ్యవధి’. వార్షిక పరీక్ష ఎప్పుడో ముందే తెలిసిన విద్యార్థి గడువు సమీపించే కొద్దీ రాత్రింబవళ్ళు చదువుతాడు. అది ముగియగానే పుస్తకం మూస్తాడు. మూడవది ‘చర కాలవ్యవధి’. అధ్యాపకుడు ఏ రోజు పరీక్ష పెడతాడో తెలియనప్పుడు చదువు నిలకడగా సాగుతుంది.

నాలుగవది ‘చర నిష్పత్తి’. ఎన్నవ ప్రయత్నానికి ఫలం దక్కుతుందో ఇక్కడ తెలియదు. మీట నొక్కినా దీపం వెలగకపోతే రెండు మూడుసార్లు ప్రయత్నించి మానుకుంటాం. అది ఎప్పుడూ వెలిగేదే కనుక తేడా వెంటనే తెలుస్తుంది. అప్పుడప్పుడు మాత్రమే గెలిచే జూదరి పదిసార్లు ఓడినా లేవడు. పదకొండవ ఆట తనదేమోనని ఆశిస్తాడు. అందుకే జూదపు అలవాటు త్వరగా వదలదు. చరవాణిలో రమ్మీ వంటి పందెపు ఆటలు ఆడి ఎందరో అప్పులపాలయ్యారు. తెలంగాణ ప్రభుత్వం 2017లో చట్టాన్ని సవరించి, ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలను నిషేధించింది.

మనిషి పావురం కాడు. తన ప్రవర్తనకు కారణాన్ని తాను తెలుసుకోగలడు. ఒక అలవాటు మనలను వదలనప్పుడు, సంకల్పబలం లేదని నిందించుకునే ముందు, దాని వెనుక ఏ క్రమం పనిచేస్తున్నదో పరిశీలించాలి. ఏడాదికొక పరీక్షకై వేచి ఉండక, వారం వారం తనను తాను పరీక్షించుకునే విద్యార్థి ఆ క్రమాన్ని తన మేలుకు మలచుకున్నవాడవుతాడు.