ఎద్దు జబ్బ నొప్పి – కంటితో, చేతితో పరీక్ష

ఎద్దు ముందుకాలు కుంటితే "జబ్బ పట్టేసింది" అంటూ వాతలు పెట్టించడం మన పల్లెల్లో అలవాటు. తొందరపడకండి. నొప్పి ఎక్కడిదో ముందు తెలుసుకోవలెను.

ఎద్దును గట్టినేల మీద నెమ్మదిగా నడిపించి, ఎదురుగా నిలబడి చూడండి. నొప్పికాలు నేలకు ఆనగానే తల పైకెత్తుతుంది, మంచికాలు ఆనినప్పుడు దించుతుంది.

తరువాత గిట్టనుండి మొదలుపెట్టండి. పశువుల కుంట్లు చాలావరకు గిట్టలోనే పుడతాయి. గిట్టల సందున ముల్లు, రాయి, పుండు ఉన్నదేమో చూడండి. లేకుంటే కీలుకీలు తడుముతూ జబ్బదాకా రండి. రెండవ జబ్బతో పోల్చండి. నొప్పి జబ్బలోనే ఉంటే, కాలు ముందుకు చాపబోతే ఎద్దు గుంజుకుంటుంది, నడకలో అడుగు కురచ అవుతుంది. కాడి దించి, విశ్రాంతినిచ్చి, పశువైద్యునికి చూపండి.

ఒక్క సంగతి మరువవద్దు. 6 నెలలు మొదలు 2 ఏండ్ల లోపు పుష్టిగల పశువు ఉన్నట్టుండి కుంటి, మేత మాని, తీవ్రమైన జ్వరంతో ఉన్నదా? జబ్బగాని తొడగాని వాచి, నొక్కితే కరకరమంటున్నదా? అది బెణుకు కాదు, జబ్బవాపు రోగం. ఈ వాపు మొదట వేడిగా, నొప్పిగా ఉండి, తరువాత చల్లబడి మొద్దుబారుతుంది. నొప్పి తగ్గిందని మోసపోకండి. మర్దన వద్దు, కోయవద్దు, వెంటనే డాక్టరును పిలవండి. ఆలస్యమైతే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. చనిపోయిన పశువు తోలు ఒలవక, సున్నం చల్లి లోతుగా పాతిపెట్టవలెను.

ఈ రోగం కనిపించే ఊళ్ళలో ఏటా తొలకరికి ముందే టీకా వేయించండి. వాతకంటె టీకా మేలు.