మంచె ఎక్కడ వేయవలెను? – కనుచూపు మేరను లెక్కగట్టు కంప్యూటరు పటము

మంచె యననేమో రైతుకు చెప్పనక్కరలేదు. నాలుగు గుంజలు పాతి, పైన వాసములు పరచి, గడ్డితో కప్పు వేసిన చాలును. అయితే దానిని ఎక్కడ వేయవలెనన్నది అంత తేలిక సంగతి కాదు. మన పెద్దలు దిబ్బలెక్కి చూచి, గట్లవెంట తిరిగి, ఒకటి రెండేండ్లు నష్టపడి తేల్చుకొనెడివారు. ఆ పనిలో కొంతభాగమును నేడు ఇంటిలో కూర్చుండియే, డబ్బు పెట్టి కొననక్కరలేని ఒక కంప్యూటరు పటముతో చేసికొనవచ్చును. ఎంతభాగము చేసికొనవచ్చునో, ఎంతభాగమునకు మన కాళ్లే గతియో ఈ వ్యాసమున తెలుపుచున్నాను.

రాజంపేట ప్రాంతమున కొండల పాదమునగల పల్లెలలో వేరుశనగ వేసిన రైతుకు, ఊడలు దిగి కాయ ఊరు దినములలో నిద్ర ఉండదు. అడవిపందులు మందగా దిగి, మూతులతో నేల పెకలించి, తెల్లవారుసరికి చేనిని దున్నినట్లు చేసి పోవును. తిన్నదానికంటె పాడుచేసినదే ఎక్కువ. ఈ బాధ పడలేక కొందరు చేను చుట్టూ కరెంటు తీగ లాగుచున్నారు. ఇది చట్టరీత్యా నేరము. అంతకుమించి, ఆ తీగకు పంది యని, మనిషి యని భేదము తెలియదు. వేకువజామున మడికి నీరు కట్టుటకు పోవు ప్రక్కచేని రైతు దానిని త్రొక్కిన ఏమగునో వేరుగ చెప్పనక్కరలేదు. కనుక కావలి తప్పదు. కావలికి మనుషులు దొరకరు. పది పదిహేనుమంది రైతులు ఒక కట్టుగా చేరి, రెండు మూడు మంచెలతో నూరు, రెండునూరుల ఎకరములు కాచుకొనుట ఒక్కటే నాకు తోచిన దారి. అప్పుడు మంచె స్థలము తప్పినచో ఆ నష్టము ఒక్కరిది కాదు, అందరిదియును.

చూపు తిన్నగా పోవును. కంటికిని, చూడదలచిన వస్తువుకును నడుమ నేల ఆ తిన్నని గీతకంటె ఎత్తు లేచినచో వస్తువు మరుగుపడును. విషయమంతయు ఇంతే. రాయలసీమ పల్లెలలో నేటికిని నిలిచియున్న పాత బురుజులు కట్టినవారికి ఈ లెక్క తెలియును. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసు వద్ద ఆరంభించిన మహా త్రికోణమితి సర్వే కూడ ఒక గుట్ట మీదినుండి మరియొక గుట్ట కనబడుట మీదనే నడచినది; కనబడనిచోట గోపురములను, కట్టించిన దిమ్మెలను ఎక్కి చూచిరి. కంప్యూటరు చేయునది ఇదే లెక్క. కాకున్న, ఒక్కొక్క గీతకు బదులు వేలకొలది గీతలను క్షణములలో పరీక్షించును.

సాఫ్ట్‌వేరును దింపుకొనుట

ఈ పనికి క్యూ.జి.ఐ.ఎస్. అను పటముల సాఫ్ట్‌వేరు కావలెను. దీనిని 2002లో గ్యారీ షెర్మన్ అనునతడు మొదలుపెట్టగా, నేడు పలుదేశములవారు కలసి పెంపొందించుచున్నారు. దీని మూలము ఎవరైనను చూచి మార్చుకొనవచ్చును, వెల లేదు. మామూలు ల్యాప్‌టాప్ చాలును. మీ ఇంటిలో చదువుకొను పిల్లలున్నచో వారిచేత చేయింపుడు. అయితే మీరు ప్రక్కన కూర్చుండవలెను. ఎందుకనగా పిల్లవానికి కంప్యూటరు తెలియును గాని, పంది ఏ దారిన వచ్చునో తెలియదు.

సంస్థవారి స్వంత వెబ్‌సైటునుండియే దింపుకొనవలెను. అచట రెండు కూర్పులుండును. క్రొత్త హంగులుగలది ఒకటి, దీర్ఘకాలము నిలకడగా నడచునది మరియొకటి. రైతుకు రెండవదియే మేలు.

చూపును లెక్కగట్టుటకు మనము వాడబోవు పనిముట్టు ఇందులో మొదటినుండి ఉండదు. ట్రాక్టరు కొన్న తరువాత నాగలి తగిలించుకొనునట్లు దానిని విడిగా తగిలించుకొనవలెను. ఇట్టి అదనపు పనిముట్లకు ప్లగిన్లు అని పేరు. మనకు కావలసినది ‘విజిబిలిటీ అనాలిసిస్’ అనునది. జొరాన్ చుచ్కోవిచ్ అను పురావస్తు శాస్త్రజ్ఞుడు దీనిని తయారుచేసెను. పాతకాలపు కోటలు, దిబ్బలు ఒకదానికొకటి కనబడుచుండెనా అను పరిశోధనకు పనికివచ్చినదే మన మంచెకును పనికివచ్చుచున్నది.

తగిలించు విధము: ఇంటర్నెట్ ఉన్నపుడు సాఫ్ట్‌వేరును తెరచి, పైవరుసలోని ‘ప్లగిన్స్’ అను మాటమీద నొక్కి, ‘మేనేజ్ అండ్ ఇన్‌స్టాల్ ప్లగిన్స్’ అనుదానిని తెరువవలెను. వెదకు గడిలో పనిముట్టు పేరును ఇంగ్లీషు అక్షరములలో వ్రాసినచో జాబితాలో కనబడును. దానిని ఎంచుకొని ‘ఇన్‌స్టాల్’ నొక్కవలెను. పల్లెలో ఇంటర్నెట్ సరిగా అందనిచో, పట్టణమునకు పోయినపుడు ఆ ప్లగిన్‌ను జిప్ ఫైలుగా పెన్‌డ్రైవులో తెచ్చుకొని, అదే కిటికీలోని ‘ఇన్‌స్టాల్ ఫ్రమ్ జిప్’ అను దారిన ఎక్కింపవచ్చును. ఆ జిప్‌ను విప్పకుండ అట్లే ఈయవలెను. చాలమంది విప్పి తికమకపడుదురు. జాబితాలో పేరే కనబడకున్న మీ యంత్రము చెడినదని అనుకొనకుడు. మీ సాఫ్ట్‌వేరు కూర్పునకును ప్లగిన్‌కును పొంతన కుదరలేదన్నమాట. ఎక్కించిన తరువాత అది పైవరుసలో కాక, ‘ప్రాసెసింగ్ టూల్‌బాక్స్’ అను పనిముట్ల పెట్టెలో ఉండును. అక్కడ వెదకవలెను.

ఎత్తుల సమాచారము

పనిముట్టు వచ్చినది, ఇక దానికి నేల కావలెను. నేల యెత్తులను గళ్లుగా కూర్చిన ఫైలులు ఉచితముగా లభించును. 2000 ఫిబ్రవరిలో అమెరికా వ్యోమనౌక ఎండీవర్ పదకొండు దినములు తిరిగి రాడారుతో కొలిచిన ఎత్తులు ఒక రకము. 2005 మే 5న శ్రీహరికోటనుండి ఎగిరిన మన కార్టోశాట్-1 తీసిన చిత్రములనుండి తయారైనవి మరియొక రకము. ఈ రెండవదానిని హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రమువారి ‘భువన్’ వెబ్‌సైటులో పేరు నమోదు చేసుకొని తీసికొనవచ్చును. రెండింటిలోను ఒక గడి సుమారు 30 మీటర్ల చదరము.

ఇచట తప్పక చేయవలసిన పని యొకటి కలదు. ఈ ఫైలులు సాధారణముగా డిగ్రీలలో వచ్చును. డిగ్రీలలో నున్న పటముమీద అయిదువందల మీటర్ల దూరమన్న మాటకు అర్థము లేదు. పనిముట్టు తిరస్కరించును, లేదా పిచ్చి ఫలితమిచ్చును. కనుక ముందుగా ‘రాస్టర్’ వరుసలోని ‘వార్ప్’ అను పనిచేత పటమును మీటర్లలోనికి మార్చవలెను. రాజంపేట రేఖాంశము 79 డిగ్రీలు దాటియున్నది గనుక మన ప్రాంతమునకు యు.టి.ఎం. 44 ఉత్తర మండలము వర్తించును. దాని సంఖ్య 32644. మంచె స్థలముల బిందువులును ఇదే కొలతలో ఉండవలెను.

తరువాత ‘క్రియేట్ వ్యూపాయింట్స్’ అను పనిముట్టులో మూడు సంఖ్యలు ఈయవలెను. మొదటిది చూచువాని కంటి యెత్తు. పదడుగుల మంచెమీద కూర్చున్న మనిషి కన్ను నేలకు పండ్రెండున్నర అడుగులు, అనగా 3.8 మీటర్ల యెత్తున ఉండును. రెండవది చూడదలచిన వస్తువు ఎత్తు. దీనిని సున్న అని వదలివేసినచో నేలయే కనబడవలెనని లెక్క కట్టును. మనము చూడదలచినది పంది వీపు గనుక 0.6 మీటరు అని వ్రాయవలెను. మూడవది దూరము. మొదటనే ఉన్న సంఖ్యను అట్లే వదలక, చేతి టార్చి వెలుగు చేరునంతవరకే తీసికొనుడు. అయిదువందల మీటర్లు మించి ప్రయోజనము లేదు. ఆ మాత్రమునకే వృత్తములో సుమారు 194 ఎకరములు వచ్చును. భూమి గుండ్రదనము ఈ దూరములో లెక్కకు రాదు. కిలోమీటరుకు ఎనిమిది సెంటీమీటర్లే.

పిమ్మట ‘వ్యూషెడ్’ నడిపినచో, కనబడు గళ్లు 1 గాను, కనబడనివి 0 గాను పటము వచ్చును. నాలుగైదు స్థలములను విడివిడిగా పరీక్షించి, ఏ రెండు కలిసిన చీకటి గళ్లు తక్కువగునో చూడవలెను. నాకు మరింత ఉపయోగపడినది ‘డెప్త్ బిలో హొరైజన్’ అను ఫలితము. మరుగుపడిన చోట ఎన్ని మీటర్లు ఎత్తు లేచిన వస్తువు కనబడునో అది చెప్పును. అర మీటరు లోతున ఉన్న మరుగును మంచెను కొంత యెత్తు చేసి పోగొట్టవచ్చును. నాలుగు మీటర్లైనచో గుంజలు పెంచి లాభములేదు, స్థలమే మార్చవలెను.

పటము నన్ను మోసగించిన తీరు

మూడేండ్ల క్రిందట ఒక పల్లెలో నేను ఇట్లే లెక్క కట్టి, ఒక దిబ్బను చూపి, ఇక్కడినుండి తూర్పు వాలంతయు కనబడునని చెప్పితిని. రైతులు నన్ను నమ్మి మంచె వేసిరి. మూడవ రాత్రియే పందులు దిగి, తూర్పువైపు ముప్పది సెంట్ల వేరుశనగను పెకలించి పోయినవి. కావలివాడు నిద్రపోలేదు, అతనికి కనబడలేదు. ఉదయము పోయి చూచితిని. దిబ్బకును వాలుకును నడుమ ఒక మామిడితోపు గుబురుగా నిలిచియున్నది. దాని వయస్సు పండ్రెండేండ్లు. నేను వాడిన ఎత్తులు 2000 నాటివి. చేను పోగొట్టుకొనిన ముసలమ్మ నన్ను తిట్టలేదు. “ఏం సారూ, నీ పటంలో మా మామిడితోపు లేదా?” అని మాత్రము అడిగినది. స్థలము చూపుటకు ముందు ఆ దిబ్బ నెక్కి నిలుచున్నచో నా కన్నులకే తెలిసెడిది. నేను ఎక్కలేదు.

ఇందుకు వ్యతిరేకముగా కూడ జరుగును. దట్టమైన చెట్లున్నచోట రాడారు నేలను కాక చాలవరకు కొమ్మల నెత్తమును కొలుచును. అందుచేత అడవి అంచు పటములో మెట్టవలె కనబడి, దాని వెనుక లేని మరుగును చూపును.

గడి పరిమాణము మరచిపోరాదు. 30 మీటర్ల గడి యనగా 22 సెంట్లు. అయిదెకరముల చేనిలో ఇరువదిరెండు, ఇరువదిమూడు గళ్లకు మించవు. అంత తక్కువ గళ్లలో గట్టును, గుంతను అది చూడజాలదు. కనుక ఒక్క రైతు ఒక్క చేనికి ఈ శ్రమ పడుట వృథా యని నా అభిప్రాయము. కట్టుగా చేరిన నూరెకరములకు పైబడిన భూమికే ఇది తగును. అన్నింటికంటె ముఖ్యము వంకల సంగతి. పది మీటర్ల వెడల్పుగల వంక 30 మీటర్ల గడిలో కలిసిపోయి, పటములో చదునుగా కనబడును. పందులు వచ్చునది ఆ వంకలవెంటనే. వంకలను మీరే నడచి, ఫోనులోని జి.పి.ఎస్.తో గుర్తించి, పటముమీద గీచుకొనవలెను. మంచె స్థలముల చివరి జాబితాలో వంక నోటికి ఎదురుగా నున్నదానికి నేనైతే మొదటి స్థానమిత్తును, కనబడు గళ్లు కొంత తగ్గినను సరే.

గుంజలు పాతుటకు ముందు ఒక రాత్రి పరీక్ష చేయుడు. ఒకరు నిచ్చెన వేసికొని మంచె ఎత్తున నిలువవలెను. మరియొకరు టార్చిని మోకాలి ఎత్తున పట్టుకొని గట్లవెంట, వంకలవెంట నడువవలెను. వెలుగు మరుగైనచోటనెల్ల ఒక రాయి పెట్టిన, ఉదయమునకు మీ చేతిలో నిజమైన పటముండును.

చెయ్యేటి ఒడ్డు గ్రామములకు ఈ పనిముట్టుతో మరియొక ఉపయోగము కలదు. 2021 నవంబరు 19 తెల్లవారుజామున అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట మీదుగా వరద పొర్లి, కట్ట తెగినది. ఎగువనున్న పించ ప్రాజెక్టు కట్టయు ఆ వరదలోనే తెగినది. పులపత్తూరు, మందపల్లి మొదలగు ఊళ్లు ఎంత నష్టపడినవో ఇచటివారికి చెప్పనక్కరలేదు. అట్టి వాన చీకటిలో కావలివాని కన్ను పనిచేయదు. కాని ఎగువనుండి దిగువకు వార్త పంపు చేతి వైర్‌లెస్ సెట్లకు కూడ చాలవరకు తిన్నని దారియే కావలెను. ఫోను టవరు ఆగిపోయినపుడు ఏ మిద్దెనుండి ఏ గుట్టకు మాట అందునో ముందుగా తెలిసియుండుట మంచిది. ఇందుకు అదే ప్లగిన్‌లోని ‘ఇంటర్‌విజిబిలిటీ నెట్‌వర్క్’ అనుదానిని వాడవలెను. ఊరి ఎత్తైన మిద్దెలను, గుట్టలను బిందువులుగా ఇచ్చినచో, ఒకదానికొకటి కనబడువాటి నడుమ గీతలు గీచును. ఇచట దూరము ఎక్కువ గనుక భూమి గుండ్రదనమును లెక్కలో చేర్చు గడిని తప్పక ఎంచుకొనవలెను. అయిదు కిలోమీటర్లకు అది రెండు మీటర్ల వరకు ఉండును. సెట్లు కొనుటకు ముందు లైసెన్సు నియమములు విచారించి, అరువు సెట్లతోనైనను వాన కురియు రాత్రి ఒకసారి మాట్లాడి చూడవలెను.